సమాధానం: సీడీఆర్1ఏఎస్ ఎందుకు కనబడట్లేదంటే

ఎలుక మెదడు ఆర్‌ఎన్‌ఏలో యాక్టిన్ (పోల్చి చూసుకునే మామూలు, తిన్నటి ఆర్‌ఎన్‌ఏ) బాగానే వస్తోంది, సీడీఆర్1ఏఎస్ అనే గుండ్రటి ఆర్‌ఎన్‌ఏ మాత్రం అసలు రావట్లేదన్నారు. మెదడులో అది దండిగా ఉంటుంది, కాబట్టి తేడా మీ సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏ నుంచి తీసే డీఎన్‌ఏ నకలు) దగ్గరే ఉందండీ. ఆ నకలు మొదలుపెట్టడానికి ఓలిగో డీటీ (టీ అక్షరాల చిన్న ముక్క) వాడానని రాశారు కదా, అది అతుక్కోవాలంటే ఆర్‌ఎన్‌ఏ కొసన పాలీ-ఏ తోక (వరుసగా ఏ అక్షరాలు) కావాలి. గుండ్రటి ఆర్‌ఎన్‌ఏకి కొసలే లేవు, ఇక తోకెక్కడిది! ర్యాండమ్ హెక్సామర్లతో (ఎక్కడైనా అతికే ఆరక్షరాల ముక్కలు) మళ్లీ చేయండి.

పీసీఆర్ ప్రైమర్లు (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చెప్పే జత ముక్కలు) కూడా ఓసారి చూసుకోండి. జీనోమ్‌లో అవి ఒకదానికొకటి వీపు తిప్పి ఉండాలి, అప్పుడే బ్యాక్‌స్ప్లైస్ జంక్షన్ (గుండ్రంగా మారేటప్పుడు రెండు కొసలు కలిసిన అతుకు) వాటి మధ్యలో పడుతుంది. అదే జతతో జీనోమిక్ డీఎన్‌ఏలో బ్యాండ్ రాకూడదు.

బ్యాండ్ రాగానే సంబరపడొద్దు. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (సీడీఎన్‌ఏ తయారుచేసే ఎంజైమ్) తను చదివే ఆర్‌ఎన్‌ఏని మధ్యలో మార్చేసి దొంగ జంక్షన్లు పుట్టిస్తుంది. ఆర్‌నేజ్ ఆర్ (తిన్నటి ఆర్‌ఎన్‌ఏని తినేసే ఎంజైమ్) పెట్టండి: యాక్టిన్ పడిపోవాలి, మీది చాలావరకు నిలవాలి. తర్వాత ఆ జంక్షన్ అక్షరాల వరుస చదవడానికి సాంగర్ సీక్వెన్సింగ్. మైక్రోఆర్‌ఎన్‌ఏ-7 (జన్యువుల్ని అణిచే చిన్న ఆర్‌ఎన్‌ఏ) దీని మీద అతికే 70కి పైగా చోట్ల సంగతి ఆ తర్వాతే.