బిల్లులు సరిదిద్దే ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మాది ఆదోని. పత్తి వ్యాపారం. మా పాప కర్నూలులో హాస్టల్‌లో ఉండి బీఏ రెండో సంవత్సరం చదువుతోంది. గ్రూప్స్ కోచింగ్‌లో చేర్పిస్తానంటే వద్దంటోంది. టీవీలో పార్లమెంటు చూసీ చూసీ, ‘కమిటీల్లో బిల్లులు సరిదిద్దుతారు, నేను ఆ పని చేస్తా’ అంటోంది. అది ఎంపీల పని కదా సార్? మామూలు పిల్లలను తీసుకుంటారా? కోచింగ్ ఫీజు కట్టాలా, ఆగాలా?

జవాబు: ఫీజు సంగతి చివర్లో చెప్తాను. ముందు మీ పాప ఏ పని అడుగుతోందో మీకు తెలియాలి. ఆ మాటకొస్తే పాపకూ తెలియాలి. టీవీలో వచ్చేది సభ. కమిటీ సమావేశాలు తలుపులు మూసి జరుగుతాయి, వాటికి ప్రసారాలు ఉండవు. ఆమె చూసింది ఒకటి, కోరుకుంటున్నది మరొకటి.

సెలెక్ట్ కమిటీ, అంటే ఒక బిల్లును పరిశీలించడానికే సభ వేసే కమిటీ, అన్న మాట మన జిల్లాకు కొత్తేమీ కాదు. 2020 జనవరి 22న మూడు రాజధానుల బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపుతున్నానని శాసనమండలి ఛైర్మన్ ప్రకటించినప్పుడు, కర్నూలుకు న్యాయ రాజధాని వస్తుందా రాదా అని కొండారెడ్డి బురుజు దగ్గర టీ తాగే ప్రతివాడూ మాట్లాడినవాడే. ఆ కమిటీ ఏర్పడనే లేదు. దాంతో కమిటీ అంటే బిల్లును ఆపడానికి వేసే ఎత్తు అనే అభిప్రాయం చాలామందిలో ఉండిపోయింది. నిజంగా కూర్చుని పని చేసిన కమిటీ ఎలా ఉంటుందో, రిటర్నులు వేసే మీకు తగిలే ఉదాహరణతోనే చెప్తాను.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో కొత్త బిల్లును 2025 ఫిబ్రవరి 13న లోక్‌సభలో పెట్టారు. గడువు దాటాక రిటర్ను వేస్తే రిఫండు రాకుండా పోయేలా అందులో ఒక నిబంధన ఉంది. బిల్లును 31 మంది ఎంపీల సెలెక్ట్ కమిటీకి పంపారు, బైజయంత్ పాండా అధ్యక్షుడు. ఆ నిబంధన తీసేయమని కమిటీ చెప్పింది. అదొక్కటే కాదు, జూలై 21న ఇచ్చిన నివేదిక నాలుగున్నర వేల పేజీలు దాటింది. ప్రభుత్వం పాత బిల్లును వెనక్కి తీసుకుని, కమిటీ సూచనల్లో చాలావాటిని కలిపి ఆగస్టు 11న కొత్త బిల్లు పెట్టింది. లోక్‌సభ అదే రోజు పెద్దగా చర్చ లేకుండానే ఆమోదించేసింది. సభలో ఒక్క పూటలో తేలిపోయిన బిల్లు మీద కమిటీ గదిలో నెలల తరబడి కూర్చున్నారు.

ఎంపీలు మాత్రమే కూర్చోలేదు. మీ ప్రశ్నకు అసలు జవాబు అక్కడుంది. బిల్లు కమిటీకి రాగానే, అభిప్రాయాలు పంపమని పేపర్లలో ప్రకటన ఇస్తారు. సంఘాల నుంచి, లాయర్ల నుంచి, మామూలు జనం నుంచి కట్టలు కట్టలుగా వినతిపత్రాలు వస్తాయి. వాటిని చదివి, ఏ క్లాజు (బిల్లులోని నిబంధన) మీద ఎవరు ఏమన్నారు, దానికి మంత్రిత్వ శాఖ ఏం జవాబిచ్చింది అని వరుసలు గీసి పట్టిక చేయాలి. శాఖ అధికారులు వచ్చేరోజుకు వాళ్లను అడగాల్సిన ప్రశ్నలు సభ్యుల చేతిలో పెట్టాలి. సాక్ష్యం చెప్పినవాళ్ల మాటలు పొల్లుపోకుండా రికార్డు కావాలి. తర్వాత ఒక్కో క్లాజూ తీసుకుని ఉంచాలా మార్చాలా అని తేలుస్తారు, ముసాయిదా నివేదిక తయారవుతుంది, ఒప్పుకోని సభ్యులు అసమ్మతి నోట్ రాసిస్తారు. తీర్మానం ఎంపీలది. దాని వెనకున్న రాతకోతలన్నీ పార్లమెంటు సచివాలయం ఉద్యోగులవి. ఏ కమిటీ నివేదికైనా తెరిచి చూడండి, మొదటి పేజీల్లో సభ్యుల జాబితా కిందనే ‘సచివాలయం’ అని జాయింట్ సెక్రటరీ నుంచి కమిటీ ఆఫీసర్ దాకా పేర్లుంటాయి. మీ పాప అడుగుతున్నది ఆ జాబితాలో చోటు.

ఇంకో తేడా ఆమెకు తెలియాలి. శాఖలవారీ స్టాండింగ్ కమిటీలు, అంటే ఎప్పుడూ ఉండే కమిటీలు, పార్లమెంటులో 24 ఉన్నాయి. 1993లో 17తో మొదలై 2004లో ఇంత అయ్యాయి. ఒక్కోదాంట్లో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. మంత్రులకు చోటు లేదు. ఇవి బిల్లుపై సిఫార్సులు మాత్రమే చేస్తాయి, వినడం వినకపోవడం ప్రభుత్వం ఇష్టం. సెలెక్ట్ కమిటీ, రెండు సభలూ కలిసి వేసే సంయుక్త కమిటీ అలా కాదు. అవి బిల్లు పాఠంలోనే మార్పులు చేసి, మార్చిన బిల్లునే నివేదికకు జతచేసి సభకు పంపుతాయి. అయితే ప్రతి బిల్లూ కమిటీకి వెళ్తుందనుకోవద్దు. చట్టసభల పనిపై పరిశోధన చేసే పీఆర్ఎస్ సంస్థ లెక్క ప్రకారం 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు కమిటీలకు వెళ్తే, 17వ లోక్‌సభలో 16 శాతమే వెళ్లాయి. నన్నడిగితే ఇది మంచి పరిణామం కాదు. కానీ ఉద్యోగాల కోణంలో కంగారు అక్కర్లేదు. బడ్జెట్ పద్దుల పరిశీలన వంటి పనులు కమిటీలకు ఎటూ ఉంటాయి.

ఇప్పుడు పాపకు ఒక పరీక్ష పెట్టండి, ఖర్చు లేనిది. 2019 సరోగసీ (వేరే దంపతుల కోసం బిడ్డను కనివ్వడం) బిల్లు, దాని మీద రాజ్యసభ సెలెక్ట్ కమిటీ 2020 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదిక, చివరికి వచ్చిన 2021 చట్టం, ఈ మూడూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కమిటీ మార్చిన బిల్లులో కొత్తగా చేర్చిన మాటల కింద గీత ఉంటుంది, లేదా పక్కన అంచులో గీత ఉంటుంది. తీసేసిన చోట చుక్కల్లా నక్షత్రం గుర్తులుంటాయి. బిడ్డను కనిచ్చే మహిళ దగ్గరి బంధువే కావాలన్న షరతును కమిటీ వద్దంది, ఇష్టపడి ముందుకొచ్చే ఏ మహిళైనా చాలంది. ఆమెకిచ్చే బీమా 16 నెలలు చాలదు, 36 నెలలు కావాలంది. ఎందుకన్నది, ఎవరి సాక్ష్యం విని అన్నది, చట్టంలో ఏది నిలిచింది, వీటిని రెండు పేజీల్లో తెలుగులో, రెండు పేజీల్లో ఇంగ్లీషులో రాయమనండి. రాసేటప్పుడు విసుగొస్తే పాపకు నచ్చింది డిబేట్లే, కమిటీ పని కాదు. జర్నలిజం చూసుకోవచ్చు. కూర్చుని రాస్తే మాత్రం ఆ అమ్మాయిని ఆపకండి.

దారుల సంగతి. రాజ్యాంగం 98వ అధికరణ ప్రకారం లోక్‌సభకూ రాజ్యసభకూ వేర్వేరు సచివాలయాలున్నాయి. అసిస్టెంటు స్థాయి పోస్టులకు డిగ్రీ చాలు, పరీక్ష ఉంటుంది. చిక్కేమంటే నోటిఫికేషన్ ఏటా రాదు, పోస్టులూ తక్కువే. దాన్నొక్కదాన్నే నమ్ముకుని ఇంట్లో కూర్చోవడం తెలివి కాదు.

డిగ్రీ కాగానే ప్రయత్నించదగినది పీఆర్ఎస్ వాళ్ల ల్యాంప్ ఫెలోషిప్. ఏ డిగ్రీ అయినా సరే, వయసు 25 దాటకూడదు. ఢిల్లీలో ఒక ఎంపీ దగ్గర ఉండి బిల్లులు చదివి నోట్సు తయారుచేసి ఇవ్వాలి. ఏడాదిలోపు ముగిసిపోతుంది, పర్మనెంటు కాదు. పోటీ గట్టిగా ఉంటుంది, ఇంగ్లీషులో రాయడం బాగా రావాలి. మన పిల్లలు ఎక్కువగా జారేది అక్కడే కాబట్టి పైన ఇంగ్లీషులో రెండు పేజీలు అడిగాను.

బిల్లును మొదట రాసే పని మీద మనసు పడితే లా తప్పదు. బీఏ తర్వాత లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయొచ్చు. కేంద్ర న్యాయశాఖలో లెజిస్లేటివ్ డిపార్ట్‌మెంట్ ఉంది, అక్కడి పోస్టులకు లా డిగ్రీతోపాటు అనుభవమూ అడుగుతారు. అది దూరపు దారి.

ఇక మీ కోచింగ్ ఫీజు. ఏపీపీఎస్సీ గ్రూప్-2 పోస్టుల్లో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్, లెజిస్లేచర్ అని ఒకటుంది. వెలగపూడిలో మన అసెంబ్లీ, మండలి సచివాలయంలో పని. అక్కడా కమిటీలున్నాయి. డిప్యూటీ తహసీల్దారు కావాలని అందరూ ఎగబడే జాబితాలో ఈ పోస్టును మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు. ఈ సంగతి మీ పాపకు తెలిసుండదు, అందుకే గ్రూప్స్ అనగానే మొహం తిప్పుకుంటోంది. చెప్పి చూడండి. పాలిటీ సబ్జెక్టు గ్రూప్-2కూ కావాలి, సచివాలయం పరీక్షలకూ కావాలి, కాబట్టి చదివింది వృథా పోదు. రెండో సంవత్సరంలోనే వేలకు వేలు పోసి చేర్పించనక్కర్లేదు. సరోగసీ పరీక్షలో పాప రాసిన నాలుగు పేజీలు నాకు పంపించండి, చూసి మూడో సంవత్సరం ఏం చేయించాలో చెప్తాను.