డ్రిల్ మెషీన్ బ్యాటరీతో డౌన్ అయిన కారును స్టార్ట్ చేయొచ్చా?

చేయొచ్చు, కానీ 18 వోల్టుల డ్రిల్ బ్యాటరీని నేరుగా కారు బ్యాటరీకి కలపకూడదు. దానిలో 5 లిథియం సెల్స్ వరుసగా ఉంటాయి. ఫుల్ ఛార్జ్‌లో 21 వోల్టుల దాకా ఇస్తుంది. కారు సిస్టమ్ మాత్రం 14 వోల్టుల చుట్టూ నడిచేది. నేరుగా తగిలిస్తే డ్రిల్ ప్యాక్ వేడెక్కి అంటుకోవచ్చు, కారు ఎలక్ట్రానిక్స్ దెబ్బతినొచ్చు.

చాలామంది వోల్టేజ్ ఎక్కువుంటే ఇంజిన్ సులువుగా తిరుగుతుందనుకుంటారు. అసలు చిక్కు కరెంట్‌తో. చిన్న పెట్రోల్ కారు స్టార్టర్‌కే 100 ఆంపియర్లకు పైగా కావాలి, అదీ ఒకటి రెండు సెకన్లే. అంటే మొత్తం శక్తి కొంచెమే, కానీ ఒక్కసారిగా కావాలి. మామూలు డ్రిల్ ప్యాక్ అంత ఇవ్వలేదు.

అందుకే మధ్యలో వోల్టేజ్ తగ్గించే కన్వర్టర్, ఫ్యూజ్ పెట్టి, 14 వోల్టుల దగ్గర కారు బ్యాటరీకి మెల్లగా ఛార్జ్ ఎక్కించాలి. ఉదాహరణకు 10 ఆంపియర్ల చొప్పున 15 నిమిషాలు ఎక్కిస్తే కారు బ్యాటరీకి సుమారు 2.5 ఆంపియర్-అవర్ల (ఛార్జ్‌ను కొలిచే యూనిట్) ఛార్జ్ చేరుతుంది. ఒక స్టార్ట్‌కు ఖర్చయ్యేది 0.1 కూడా ఉండదు. తర్వాత వైర్లు తీసేసి తాళం తిప్పాలి. రాత్రి లైట్లు ఆర్పడం మరిచిపోయి డౌన్ అయిన బ్యాటరీకి ఇది చాలు. సెల్స్ పాడైన పాత బ్యాటరీకి ఏ జంప్ స్టార్టరూ (బయటి నుంచి కరెంట్ ఇచ్చి కారు స్టార్ట్ చేసే పరికరం) శాశ్వత మందు కాదు.