స్టూడియో తర్వాత, ముందు మీ జీతం మీరే ఇచ్చుకోండి

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. పదమూడేళ్లు దుబాయ్‌లో, నైరోబీలో ఒక వార్తాసంస్థ కరస్పాండెంట్‌గా పనిచేశాను. బ్యూరో మూసేయడంతో విజయనగరం వచ్చేసి తెలుగులో పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాను. విదేశీ వార్తలతో పాటు గల్ఫ్‌కి పనికెళ్లిన మన ఉత్తరాంధ్ర వాళ్ల సంగతులు చెబుతాను. గత ఆరు నెలల్లో వరుసగా 18 వేలు, 42 వేలు, 1.10 లక్షలు, 25 వేలు, 30 వేలు, 75 వేలు వచ్చాయి. ఇంటి ఖర్చు నెలకు 55 వేలు. సొంతిల్లు ఉంది, అప్పుల్లేవు. ఉద్యోగం సెటిల్‌మెంట్ 14 లక్షలు, ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్లు (విదేశాల్లో ఉండే భారతీయుల ఖాతాల్లోవి) 48 లక్షలు ఉన్నాయి. పాప ఇంటర్ మొదటి సంవత్సరం. నాకు బీపీ ఉంది. 9 లక్షలతో స్టూడియో కట్టి, 25 లక్షలతో భోగాపురంలో ప్లాటు కొనొచ్చా?

జవాబు: రెండూ ఇప్పుడు వద్దండీ. మీ పాడ్‌కాస్ట్ మీద నమ్మకం లేక చెప్పడం లేదు. అది నిలబడాలంటే ఆ డబ్బు మీ చేతిలో ఉండాలి.

మీ ఆరు నెలల సగటు 50 వేలు. చూడ్డానికి ఇంటి ఖర్చుకు దగ్గరగానే ఉంది. కానీ ఆ 1.10 లక్షల నెలను పక్కన పెడితే సగటు 38 వేలకు పడిపోతుంది. అంటే ఒక్క స్పాన్సర్ రాకపోతే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. ఆ టెన్షన్‌లో మనిషి ఏ ప్రకటనకైనా ఒప్పుకుంటాడు. గల్ఫ్ ఏజెంట్ల మోసాల గురించి చెప్పే గొంతుతోనే ఏదో కన్సల్టెన్సీకి ప్రచారం చేయాల్సి వస్తే, వినేవాళ్లు మిగలరు. మీ సంపాదనకు మూలం ఆ నమ్మకమే.

మన రైతుకు పంట ఏడాదికోసారి ఇంటికొచ్చినా, గాదెలోంచి రోజూ కొలుచుకునే తింటాడు. మీరూ అలాగే చేయండి. 14 లక్షలనూ విడిగా ఒక ఖాతాలో పెట్టండి. రెండు మూడు నెలల ఖర్చు సేవింగ్స్‌లో, మిగతాది చిన్న చిన్న ఎఫ్‌డీలుగా ఉంచండి. పాడ్‌కాస్ట్ డబ్బు ఎంతొచ్చినా అందులోనే పడాలి. ఒకటో తారీఖున అందులోంచి 55 వేలు మాత్రం ఇంటి ఖాతాకు పంపుకోండి. రూపాయి ఆదాయం లేకపోయినా 24 నెలలకు కావాల్సింది 13.20 లక్షలే. లక్ష దాటి వచ్చిన నెలలోనూ జీతం 55 వేలే, ఆ మాట మీద గట్టిగా ఉండండి.

అంతకంటే ముందు చేయాల్సింది ఆరోగ్య బీమా. ఉద్యోగంతోనే మీ పాత కవరేజీ పోయింది. ముగ్గురికీ కలిపి కనీసం 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ ఒకే పాలసీ) ఈ నెలలోనే తీసుకోండి. బీపీ సంగతి దాచొద్దు. ముందే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని కాలం) ఉండొచ్చు, కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి నెలా మీకే నష్టం. దానితో పాటు కోటి రూపాయల టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బొచ్చే జీవిత బీమా) కూడా తీసుకోండి.

తిరిగొచ్చి స్థిరపడ్డారు కాబట్టి ఆ విషయం బ్యాంకుకు చెప్పి ఎన్‌ఆర్‌ఈ ఖాతాలను రెసిడెంట్ ఖాతాలుగా మార్పించాలి. ఇక వాటి వడ్డీకి పన్ను మినహాయింపు ఉండదు. అయినా ఇప్పటి కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం వరకు పన్ను పడదు. మీ వడ్డీ, పాడ్‌కాస్ట్ ఆదాయం కలిపినా ఆ లోపే. స్పాన్సర్లు మీకిచ్చే డబ్బులోంచి ముందే కోసిన పన్ను (టీడీఎస్) వెనక్కి రావాలంటే మాత్రం రిటర్ను వేయాల్సిందే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ గురించి రాబడి ఏడాదికి 20 లక్షలు దాటేదాకా కంగారు పడొద్దు. డిపాజిట్లన్నీ ఒకే బ్యాంకులో ఉంచొద్దు, బ్యాంకు మునిగితే ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే బీమా ఉంటుంది.

48 లక్షల్లో 12 లక్షలు పాప చదువుకు తీసి ఎఫ్‌డీలో వేయండి. రెండేళ్లలో ఫీజు కట్టాల్సిన డబ్బును మార్కెట్లో పెట్టకూడదు. మిగతా 36 లక్షల్లో సగం డిపాజిట్లు, పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు పథకం). మిగతా సగాన్ని నెలనెలా కొంచెం చొప్పున ఏడాదిన్నరలో నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లోకి (నిఫ్టీలోని పెద్ద కంపెనీల షేర్లన్నిట్లో పెట్టే మ్యూచువల్ ఫండ్) పంపండి. భోగాపురంలో విమానాశ్రయం పేరు చెప్పి బ్రోకర్లు తొందర పెడతారు. ప్లాటు మంచిదే కావచ్చు, కానీ మీకు డబ్బు అవసరమైన నెలలోనే దానికి బేరం కుదరాలని లేదు.

స్టూడియోకి 9 లక్షలు దేనికి? వెనక గదిలో మందపాటి తెరలు, రెండు మంచి మైకులు, ఒక రికార్డర్‌తో లక్షన్నర లోపు పని జరుగుతుంది. నైరోబీ హోటల్ గదుల్లోంచి వార్తలు పంపిన మీకు ఇది కొత్త కాదు.

ఇక కాగితాల సంగతి. ఉద్యోగంలో ఉండగా రికార్డు చేసిన ఇంటర్వ్యూల మీద హక్కు సాధారణంగా సంస్థదే. పాత టేపులు వాడేముందు మీ ఒప్పందం తీసి చదవండి, అవసరమైతే రాతపూర్వకంగా అనుమతి అడగండి. షో పేరు, హోస్టింగ్ ఖాతా, దానికి వాడే ఈమెయిల్ అన్నీ మీ పేరు మీదే ఉండాలి, ఎడిటింగ్ చేసే కుర్రాడి పేరు మీద కాదు. స్పాన్సర్‌తో మాట ఫోన్‌లో కుదిరినా సగం అడ్వాన్సు, మిగతాది ఎపిసోడ్ వచ్చిన 30 రోజుల్లో అని రాయించుకోండి. ఈ నెల ఒప్పుకునే మొదటి స్పాన్సర్‌తోనే ఇది మొదలుపెట్టండి.