స్టాంపు మీద ముఖం ఉంది, నీ పేజీలో మనిషి ఉండాలి

అమ్మాయ్,

నీ వ్యాసం అందింది. తపాలా స్టాంపులెక్కిన సేవామూర్తుల మీద రాయాలన్న ఆలోచన బాగుంది. కానీ మొదటి పేరాలోనే కరుణామయి, త్యాగమూర్తి, మాతృమూర్తి మూడూ వాడేశావు. పేర్లు చెరిపేసి చదివితే దుర్గాబాయి ఎవరో, సావిత్రిబాయి ఎవరో, మదర్ థెరిసా ఎవరో చెప్పలేం. ముగ్గురూ ఒకే ఆవిడ అయిపోయారు.

స్టాంపుకు ఆ తిప్పలు తప్పవులే. అంత చిన్న కాగితంలో ఒక ముఖం, ఒక పేరు, ఒక ధర పడితే ఎక్కువ. నీకు పేజీలున్నాయి కదా, నువ్వూ ముఖమే గీస్తే ఎలా?

తేదీలు చూడు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్టాంపు 1982 మే 9న వచ్చింది, అంతకు సరిగ్గా ఏడాది ముందు అదే రోజున ఆవిడ పోయింది. ఆడపిల్లలకు బడి పెట్టిన సావిత్రిబాయి ఫూలేది 1998 మార్చి 10. 1897లో అదే మార్చి 10న, పుణెలో ప్లేగు రోగులకు సేవ చేస్తూ చేస్తూ ఆ జబ్బే అంటుకుని చనిపోయింది. మదర్ థెరిసాకు బతికుండగానే, నోబెల్ వచ్చిన మరుసటేడు, 1980 ఆగస్టు 27న వేశారు. పుట్టింది 26న, కానీ బాప్తిస్మం పొందిన 27నే తన అసలు పుట్టినరోజుగా చెప్పుకునేది. ఈ మూడు తేదీలూ నీ వ్యాసంలో ఉన్నాయి, బ్రాకెట్లలో! వాటిని బయటికి తీసి, ఆ రోజు ఏం జరిగిందో రాయి.

దుర్గాబాయి దగ్గర ఇంకా ఆగాల్సింది నువ్వు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేస్తే, ఊహ తెలిశాక ఆ కాపురం నాకొద్దని చెప్పిన పిల్ల. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైలుకెళ్తే అక్కడ హత్య కేసుల్లో శిక్ష పడిన ఆడవాళ్లు కనిపించారు, కోర్టులో తమ తరఫున ఏం చెప్పుకోవాలో కూడా తెలియనివాళ్లు, లా చదవాలన్న పట్టుదల ఆవిడకు వాళ్లను చూశాకే వచ్చింది. మెట్రిక్ దగ్గర మొదలుపెట్టి ఎం.ఏ. దాకా చదివి, 1942లో మద్రాసులో లా పట్టా పుచ్చుకుంది. మధ్యలో 1937లో ఆంధ్ర మహిళా సభ. తర్వాత రాజ్యాంగ సభ, ప్లానింగ్ కమిషన్, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్ష పదవి. బడ్జెట్లతో, కమిటీలతో, ఫైళ్లతో కుస్తీ పట్టిన మనిషిని పట్టుకుని 'చల్లని తల్లి' అన్నావు. చదివితే ఆవిడే నవ్వేది.

ఎవరికి ఎప్పుడు స్టాంపు వచ్చిందన్నది కూడా రాయదగ్గ విషయమే. స్వతంత్రం వచ్చాక మన స్టాంపెక్కిన తొలి ఆడమనిషి మీరాబాయి, 1952లో. 1957లో గుర్రం మీద ఝాన్సీ రాణి. భక్తికీ కత్తికీ ముందు చోటు దొరికింది, బడులూ ఆసుపత్రులూ నడిపినవాళ్లు చాలామంది ఆగాల్సి వచ్చింది. వితంతువులకు ఆశ్రయమిచ్చిన పండిత రమాబాయి, మద్రాసులో క్యాన్సర్ ఆసుపత్రి పెట్టిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి ఇద్దరికీ 1989లో వచ్చాయి. సావిత్రిబాయికైతే పోయిన నూటొక్క ఏళ్లకు! నాకు దీని మీద కోపమే, నీకు లేకపోతే రాయకు.

ఎదుటి మాటా రాయి. 2010లో అమెరికా మదర్ థెరిసాకు 44 సెంట్ల స్టాంపు వేస్తే, మతానికి చెందిన మనిషికి ప్రభుత్వ స్టాంపేమిటని అక్కడి నాస్తిక సంఘం ఒకటి అడ్డం తిరిగింది, మేం గౌరవించింది ఆవిడ సేవను, మతాన్ని కాదని తపాలావాళ్లు జవాబిచ్చారు. ఇలాంటిది ఒకటి పడితే వ్యాసం భజన కాకుండా ఉంటుంది.

ఇక నీ వ్యాసంలో, ఇప్పుడు బతికుండగానే స్టాంపెక్కిందని రాసిన టీచరమ్మ సంగతి. 'కేంద్రం స్టాంపు విడుదల చేసింది' అని పేపర్ కటింగ్ చూసి రాసినట్టున్నావు. అది మై స్టాంప్ అయ్యుంటుంది, ఒకసారి కనుక్కో. 2011లో మొదలైన పథకం, 300 రూపాయలు కడితే మన ఫొటో పక్కన పెట్టి పన్నెండు స్టాంపుల షీటు ఇచ్చేవాళ్లు. ఏదైనా సందర్భానికి తపాలా శాఖ వేసే స్పెషల్ కవర్ కూడా వేరే, అది కవరే గానీ స్టాంపు కాదు. అసలు స్మారక స్టాంపులు ఎవరి మీద వేయాలో సూచించడానికి ఫిలాటెలిక్ సలహా కమిటీ ఉంటుంది, బతికున్నవాళ్లకు మామూలుగా వేయరు. ఆ టీచరమ్మ గొప్పతనానికి దీనివల్ల లోటేం లేదు, కానీ తప్పు అచ్చయితే టెన్షన్ పడేది నువ్వే.

చివర్లో, 1950ల తొలినాటి కరువులో మీ జమ్మలమడుగు వైపు గంజి పోసిన పెద్దావిడకు స్టాంపు వేయాలన్నావు. తపాలా శాఖకు ప్రతిపాదన ఎవరైనా పంపొచ్చు. కానీ పంపితే అందులో ఏం రాస్తావు? నీ దగ్గర ఉన్నది రెండు వాక్యాలు, రెండూ పొగడ్తలే. ఆ గింజలు ఎక్కడివి, జొన్నలా రాగులా, కట్టెలు ఎవరు మోశారు, ఎవరిని వేరే వరసలో కూర్చోబెట్టారు, ఆయమ్మ దానికి ఒప్పుకుందా, ఇంట్లోవాళ్లు సణిగారా? అప్పుడు పిల్లలుగా ఉండి ఆ గంజి తాగినవాళ్లు ఇప్పుడు ఎనభై దాటి ఉంటారు. స్టాంపు సంగతి తర్వాత చూద్దాం, ముందు వాళ్ల దగ్గరికి వెళ్లు, ఫోన్లో రికార్డు చెయ్, పొద్దున పూటే వెళ్లు, మధ్యాహ్నం అయితే పడుకుంటారు.

తిరిగొచ్చాక ఆ భాగం ఒక్కటే మళ్లీ రాసి కర్నూలు అడ్రసుకే పంపు. చేతిరాతైనా ఫరవాలేదు.