మన్రో దొర సమాధి గుత్తిలోనా, మద్రాసు కోట చర్చిలోనా?

ప్రశ్న: మాది గుత్తి. మన్రో దొర సమాధి ఇక్కడే కోట కింద ఉందని చిన్నప్పట్నుంచీ వింటున్నాం. చెన్నైలో ఉండే మా బావేమో కాదు, సెయింట్ జార్జి కోటలో చర్చిలో ఉంది, కళ్ళారా చూశానంటాడు. ఏది కరెక్ట్? ఆ చర్చి అసలు ఎప్పటిది?
– ఒక పాఠకుడు, గుత్తి

జవాబు: ఇద్దరూ కరెక్టేనండీ, కాకపోతే ఇప్పటి లెక్కలో మీ బావదే పైచేయి. మన్రో మద్రాసు గవర్నరు పని ముగించుకుని ఇంగ్లండు వెళ్ళిపోయే ముందు, ఒకప్పుడు తను కలెక్టరుగా తిరిగిన మన దత్తమండలాలు ఇంకోసారి చూసిపోదామని వచ్చి, పత్తికొండలో కలరా తగిలి 1827 జులై 6న పోయాడు. పూడ్చింది గుత్తిలోనే. 1831లో అస్థికలు తీసి మద్రాసు పట్టుకెళ్ళి కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో పెట్టారు. పిల్లలకి మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్న సీమ జనాన్ని ఎవరూ అడిగి ఉండరు లెండి.

ఇక చర్చి సంగతి. ఇండియాలో ఆంగ్లికన్ (ఇంగ్లండు అధికారిక క్రైస్తవ శాఖ) చర్చిల్లో ఇదే పాతది. స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ అనే గవర్నరు ఈస్టిండియా కంపెనీ డబ్బు కోసం చూడకుండా కోటలోని ఇంగ్లీషువాళ్ళ దగ్గర చందాలెత్తి 1678 మార్చి 25న మొదలెట్టాడు, ఆ రోజు మేరీమాతకి దేవదూత కబురు చెప్పిన పండగ, అందుకే ఆ పేరు. 1680 అక్టోబరు 28న ప్రారంభం. వారం తిరిగేసరికి అక్కడ మొదటి పెళ్ళి, పెళ్ళికొడుకు ఎలిహు యేల్, అమెరికాలో యేల్ యూనివర్సిటీ పేరు ఈయనదే. 1753లో రాబర్ట్ క్లైవ్ పెళ్ళీ ఇక్కడే.

నాకైతే పెళ్ళిళ్ళకన్నా ఆ కప్పు ఇష్టం. పీపాని నిలువునా కోసి బోర్లించినట్టు, రెండడుగుల మందాన ఇటుక కప్పు, నాలుగడుగుల గోడలు, ఫిరంగి గుండు పడినా తట్టుకోవాలని. ప్లాను గీసింది కోటలో ఫిరంగులు చూసుకునేవాడేనంటారు, చూస్తే నమ్మాలనిపిస్తుంది!

బయట నేలంతా సమాధి రాళ్ళు పరిచి ఉంటాయి, కానీ వాటి కింద మనుషులు లేరు. వాళ్ళ శ్మశానం కోట బయట ఉండేది, 1758-59 ముట్టడిలో ఫ్రెంచి సైనికులు ఆ సమాధుల చాటున నక్కి కాల్పులు జరిపారని, తర్వాత ఇంగ్లీషువాళ్ళు వాటిని పడగొట్టి రాళ్ళు మాత్రం ఇక్కడికి తెచ్చేశారు. వాటి మీద లాటిన్, పోర్చుగీసు, ఆర్మేనియన్ రాతలు కూడా కనిపిస్తాయి.

మన మెదక్ చర్చిని కూడా ఆంగ్లికన్ అనేస్తుంటారు కొందరు, అది వెస్లియన్ మెథడిస్టులనే వేరే ప్రొటెస్టెంటు శాఖవాళ్ళు కట్టింది, 1924లో. 1947లో దక్షిణాదిన ఈ రెండు శాఖలూ, ఇంకొన్నీ కలిసి సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయ్యాయి కాబట్టి ఈ కన్ఫ్యూజన్.

వెళ్తే ఐడీ కార్డు పెట్టుకోండి, కోటలో సెక్రటేరియట్, మిలిటరీ ఉన్నాయి, చెకింగ్ ఉంటుంది. మీ బావతో పందెం కాసి ఉంటే మాత్రం సగం సగం పంచుకోండి.