ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్‌కు లేజర్ హ్యాచింగ్ తప్పనిసరా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. ఐవీఎఫ్‌లో ఫ్రీజ్ చేసిన పిండాన్ని ఒకసారి గర్భాశయంలో పెట్టారు కానీ నిలవలేదు. ఇంకా రెండు పిండాలున్నాయి. రిపోర్టులో ఒకదానికి 4ఏఏ అనీ, రెండోదానికి 5బీబీ, హ్యాచింగ్ అనీ రాశారు. ఈసారి లేజర్ హ్యాచింగ్ చేయిస్తే అవకాశం పెరుగుతుందనీ, అందుకు వేరే ఫీజు ఉంటుందనీ చెబుతున్నారు. పొర చీలిన పిండం పాడైపోయినట్టా? లేజర్ చేయించుకోమంటారా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ రెండో పిండం పాడవలేదమ్మా. హ్యాచింగ్ అనే మాటను కొందరు ‘పొదగడం’ అని తెలుగు చేయడం వల్ల కొంత గందరగోళం కలుగుతోంది. పొదిగేది కోడి, ఇక్కడ జరిగేది లోపలి పిల్ల పెంకు పగలగొట్టుకుని బయటికి రావడం. అండం చుట్టూ ఉండే జోనా పెల్లుసిడా అనే పొర, ఫలదీకరణ తర్వాత కూడా పిండానికి కవచంలా ఉంటుంది. అయిదు, ఆరు రోజుల వయసులో పిండం బ్లాస్టోసిస్ట్‌గా మారి, లోపల ద్రవం నిండి ఉబ్బుతూ, పలచబడిన ఆ పొరను చీల్చుకుని బయటపడితేనే గర్భాశయపు లోపలి పొరకు అంటుకోగలుగుతుంది. మీ రిపోర్టులోని 5 అనే అంకెకు పిండం బయటికి రావడం మొదలుపెట్టిందని అర్థం. పూర్తిగా వచ్చేస్తే 6 అని రాస్తారు. అక్షరాల్లో మొదటిది బిడ్డగా ఎదగవలసిన కణాల నాణ్యతను, రెండోది మాయగా మారవలసిన కణాల నాణ్యతను తెలుపుతుంది; బీ కంటే ఏ మెరుగు. అందువల్ల అంకె ఒకటి తక్కువైనా, సాధారణంగా 4ఏఏ పిండాన్నే ముందు ఎంచుకుంటారు.

ఇక లేజర్ విషయం. ఫ్రీజింగ్ వల్ల ఈ పొర గట్టిపడి పిండం బయటికి రాలేకపోవచ్చన్న అనుమానంతో, ల్యాబ్‌లోనే దానికి చిన్న రంధ్రం చేసే పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఆలోచన సబబుగానే కనిపిస్తుంది, కానీ ఫలితాలు దానికి తగ్గట్టు లేవు. 2021లో, వైద్య పరిశోధనల ఫలితాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 39 క్లినికల్ ట్రయల్స్‌ను, అంటే 7,249 మంది మహిళల వివరాలను కలిపి చూసినప్పుడు, గర్భం వచ్చే అవకాశం స్వల్పంగా పెరగవచ్చని తేలింది గానీ, బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందని రూఢిగా చెప్పలేకపోయారు. పైగా కవలల గర్భాలు పెరగవచ్చని గమనించారు. ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్లలో దీనివల్ల మేలు ఉందనడానికి ఆధారాలు చాలవని అమెరికా సంతాన సాఫల్య వైద్యుల సంఘం 2022 మార్గదర్శకాల్లో పేర్కొంది. మనకు కావలసింది పాజిటివ్ రిపోర్టు కాదు, చేతికందే బిడ్డ; కాబట్టి నా దృష్టిలో ఇది తప్పనిసరి చికిత్స కాదు.

ల్యాబ్‌లో పిండాలను చూసుకునే ఎంబ్రియాలజిస్టును మీరు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఫ్రీజ్ చేసే ముందు లోపలి ద్రవాన్ని తగ్గించడానికి చాలా ల్యాబ్‌లు లేజర్‌తోనే బ్లాస్టోసిస్ట్‌ను ముడుచుకునేలా చేస్తాయి. జన్యు పరీక్షకు కణాలు తీసేటప్పుడూ పొరను తెరుస్తారు. మీ పిండాల విషయంలో అలా జరిగి ఉంటే రంధ్రం ఇప్పటికే ఉన్నట్టే, మళ్లీ ఫీజు కట్టనక్కరలేదు. 5బీబీ పిండానికైతే ఈ ప్రశ్నే లేదు, ఎందుకంటే అది తనంతట తానే చీల్చుకుంది. అలాంటి పిండాలతోనూ ఆరోగ్యవంతులైన బిడ్డలు పుడుతున్నారు. కవచంలోంచి బయటికి వచ్చిన భాగం సున్నితంగా ఉంటుంది కాబట్టి, గర్భాశయంలో పెట్టడానికి వాడే సన్నని గొట్టం (కేథటర్) లోకి తీసుకునేటప్పుడు కాస్త జాగ్రత్త కావాలి, అంతే.

ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించేవి అండం తీసిన నాటి మీ వయసు, పిండంలో క్రోమోజోముల సంఖ్య సరిగా ఉండడం, అది అయిదో రోజుకే బ్లాస్టోసిస్ట్ అయిందా ఆరో రోజుకా అన్నది, ఫ్రీజ్ నుంచి తీసి మామూలు వేడికి తెచ్చాక కొన్ని గంటల్లో తిరిగి ఉబ్బిందా లేదా అన్నది, గర్భాశయపు పొరను సిద్ధం చేసే ప్రొజెస్టిరాన్ హార్మోన్ మొదలుపెట్టిన రోజుకూ ట్రాన్స్‌ఫర్‌కూ మధ్య లెక్క కుదరడం. మొదటిసారి ఈ లెక్క ఎలా ఉందో మీ డాక్టరుతో కూర్చుని మాట్లాడండి. రెండు పిండాలనూ ఒకేసారి పెట్టమని మాత్రం అడగకండి. కవలలైతే నెలలు నిండకముందే కాన్పు అయ్యే ముప్పు ఎక్కువ, పైగా చట్టప్రకారం పిండాలను పదేళ్ల దాకా నిల్వ ఉంచుకోవచ్చు కాబట్టి రెండోదానికి తొందర లేదు.