ఊరి పక్క ప్రయోగ క్షేత్రాన్ని వేరే పనికి ఇచ్చేయొచ్చా? మడుల రిజిస్టరు రాసిన మనిషిగా నా జవాబు

మీరు అడిగింది ఇది: మీ ఊరి పక్కన ప్రభుత్వ వ్యవసాయ ప్రయోగ క్షేత్రం ఉంది, సగం బీడుపడింది, కూలీలు రావడం లేదు. విత్తనాలు ఎలాగూ కంపెనీలు అమ్ముతున్నాయి కాబట్టి ఆ భూమిని ఆసుపత్రికో కాలేజీకో ఇచ్చేస్తే తప్పేముంది?

నేను బెంగళూరు దగ్గర ఒక ప్రయోగ క్షేత్రంలో 29 ఏళ్లు ఫీల్డ్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. సొంతూరు మడకశిర వైపు, ఇప్పుడు ఉండేది యలహంకలో. శాస్త్రవేత్తను కాను. మడులు (ఒక్కోదానిలో ఒక్కో రకం ప్రయోగం చేసే చిన్న పొలం ముక్కలు) కొలవడం, గట్లు వేయించడం, విత్తించడం, కోయించడం, తూకం వేసి రిజిస్టరులో రాయడం, ఇదీ నా ఉద్యోగం. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

కొన్ని క్షేత్రాలను వేరే పనికి వాడుకోవచ్చు. కొన్నిటిని మాత్రం ముట్టుకోకూడదు. బీడు ఎంత ఉందో చూసి అది తేల్చలేం. అక్కడ నడుస్తున్న ప్రయోగాల వయసెంతో అడగాలి.

ఒక రాగి మడి కోత ఎలా జరుగుతుందో చెబితే ఇది అర్థమవుతుంది. మడి చుట్టూ అంచు వరుసలను ముందే కోసి పక్కన పడేస్తాం. గట్టు పక్క మొక్కకు ఎండా గాలీ ఎక్కువ తగులుతాయి, దాని గింజ లెక్కలో కలిస్తే అంకె తప్పుతుంది. నడిమి భాగం మాత్రమే కోసి, ఏ మడి వెన్నులు ఆ మడి సంచిలో వేసి, సంచి లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ పెడతాం. లోపలి చీటీ పెన్సిలుతోనే రాయాలి, పెన్నుతో రాస్తే పొద్దున మంచు తేమకే చెరిగిపోతుంది. రెండు చీటీలు తారుమారైతే ఆ ఏడాదికి ఆ రెండు మడులూ పోయినట్టే. మా దగ్గర కోతకు వచ్చేవాళ్లు ఎక్కువగా బాగేపల్లి వైపు నుంచి వచ్చిన తెలుగు ఆడవాళ్లు. వాళ్లలో ఒక పెద్దామె మడిలో కాలు పెట్టగానే, "ఇది ఎరువు లేని మడి కదన్నా, కాలికి గట్టిగా తగల్తా ఉంది" అనేది. రిజిస్టరు తీసి చూస్తే నిజంగా అదే. ఆమెకు చదువు రాదు. ఇరవై ఏళ్లు అవే మడుల్లో తిరిగింది, అంతే.

ఆ ఇరవై ఏళ్లే అసలు ఆస్తి. జీకేవీకేలో, అంటే బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో, వర్షాధార రాగి మీద 1978లో మొదలుపెట్టిన ఎరువుల ప్రయోగం దశాబ్దాలు నడిచింది. ఏ ఎరువూ లేని మడి దిగుబడి పడిపోయింది. రసాయన ఎరువు ఒక్కటే వేసినచోట మొదట్లో బాగానే పండి, ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతూ వచ్చింది. పశువుల ఎరువూ రసాయన ఎరువూ కలిపి వేసిన మడే నిలబడింది. మూడేళ్ల ప్రాజెక్టులో ఈ తేడా కనపడదు, ఎందుకంటే మొదటి మూడేళ్లూ రసాయన ఎరువు మడి కూడా బాగానే ఉంటుంది. కోయంబత్తూరులో 1909 నుంచి ఇలాంటి ప్రయోగం ఉంది. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1843లో మొదలైన గోధుమ మడి ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ ఏటా దాచిన గోధుమ నమూనాల నుంచి నూటయాభై ఏళ్ల తర్వాత తెగులు శిలీంధ్రాల డీఎన్ఏ తీశారు. ఏ తెగులు ఎప్పుడు పెరిగిందన్నదానికీ గాలిలో కలిసిన గంధకపు పొగకూ సంబంధం ఉందని దాంతో తేలింది. 1843లో గింజలు దాచినవాళ్లకు డీఎన్ఏ అన్న మాటే తెలియదు.

నా కళ్లముందు పోయిన ఒక ప్రయోగం సంగతి కూడా చెబుతాను. క్షేత్రం పేరు రాయను. మా అక్క కూతురి పెళ్లికని సెలవు పెట్టి ఊరెళ్లాను. తిరిగొచ్చేసరికి ఒక బ్లాకులో, అంటే వరసగా మడులున్న పొలం భాగంలో, గట్లన్నీ దున్నేసి ఉన్నాయి. పైనుంచి ఎవరో తనిఖీకి వస్తున్నారని, పొలం చదునుగా కనపడాలని, కొత్తగా వచ్చిన అధికారి ట్రాక్టరు పెట్టించాడు. పదిహేడేళ్లుగా ఒక్కో మడికి ఒక్కో రకం ఎరువు వేస్తూ వచ్చిన మట్టి అంతా కలిసిపోయింది. మూలల్లో పాతిన హద్దురాళ్లు పీకి ఒక చెట్టు కింద కుప్ప పోశారు. ట్రాక్టరు డ్రైవరును నేనేమీ అనలేదు, అతనికి ఎవరూ చెప్పలేదు. టేపు పట్టి ఆ రాళ్లను మళ్లీ వాటి చోట పాతించాను. కొలతలు అంగుళంతో సహా సరిపోయాయి. కలిసిపోయిన మట్టిని ఎలా విడదీస్తాం? రెండేళ్లకు ఆ ప్రయోగం మూసేశారు. ఆ రిజిస్టరులో చివరి పేజీ నా చేతిరాతే.

ఒక్క ఎకరా కూడా ఎవరూ లాక్కోకుండానే అది పోయింది. అందుకే ముందు నిర్వహణ సంగతి మాట్లాడాలంటాను. మీ ఊరి క్షేత్రం బీడుపడటానికి కూడా ఇలాంటి కారణాలే ఉంటాయి. మా దగ్గర కూలి డబ్బులు రెండు నెలలు ఆలస్యమయ్యేవి. పక్కనే అపార్ట్‌మెంట్లు కట్టేచోట సాయంత్రానికల్లా చేతిలో పెట్టేవాళ్లు. ఇంక ఎవరొస్తారు? పంట అమ్మిన డబ్బు ఖజానాలో జమయ్యేది, డీజిలు కావాలంటే మళ్లీ ఇండెంటు (కావలసినవి అడిగే పత్రం) రాసి, ఫైలు తిరిగి రావాలి. జులైలో వాన పడి పదును ఉన్నప్పుడు విత్తాలి. అనుమతి వచ్చేలోపు పదును ఆరిపోతుంది. బదిలీలు కూడా సరిగ్గా పంట మీద ఉన్నప్పుడే జరిగేవి. సీజను మొదట్లోనే క్షేత్రం చేతిలో కొంత డబ్బు ఉంచడం, అమ్మిన పంట డబ్బు అక్కడే తిప్పుకోనివ్వడం, పంట చేతికొచ్చేదాకా బదిలీ ఆపడం, కొత్త మనిషి చేత మడి మడీ తిరిగించి రిజిస్టరు అప్పగించడం. వీటికి పెద్ద బడ్జెట్టు అక్కర్లేదు. అన్నిటికంటే ముందు, ఏళ్ల తరబడి వచ్చే ఆ కూలీలను పర్మనెంటు చేయాలి. సగం జ్ఞాపకం వాళ్ల దగ్గరే ఉంది.

ఇక కంపెనీల విత్తనం మాట. మిరప, టమోటా, మొక్కజొన్న, పత్తిలో మీరన్నది చాలావరకు నిజం, హైబ్రిడ్ కాబట్టి రైతు ఏటా కొనాలి. రాగి అలా కాదు. పువ్వు మరీ చిన్నది, చేత్తో సంకరం చేయడమే యజ్ఞం. ఒకసారి కొన్న రైతు తన గింజే మళ్లీ వేసుకుంటాడు, కంపెనీకి ఏం మిగులుతుంది? కర్ణాటకలోని మండ్య వీసీ ఫారం అనే పరిశోధన క్షేత్రంలో రాగి శాస్త్రవేత్త లక్ష్మణయ్యగారు మన రాగినీ ఆఫ్రికా రాగినీ కలిపి ఇండాఫ్ రకాలు తీశారు, పేరులోనే ఇండియా, ఆఫ్రికా రెండూ ఉన్నాయి. అగ్గి తెగులు తట్టుకునే జీపీయూ 28 అనే రాగి రకం జీకేవీకే నుంచి వచ్చింది. వేరుశనగలో మా అనంతపురం రైతు వేసే కే6 కదిరి కేంద్రానిది. వేరుశనగకు ఎకరాకు బోలెడు గింజ కావాలి, వేసినదానికి పదింతలు వస్తే గొప్ప, అందుకే ప్రైవేటువాళ్లకు ఆ విత్తనం మీద ఆసక్తి తక్కువ. కోస్తా వరిలో స్వర్ణ రకం మార్టేరు కేంద్రానిది, సాంబ మసూరి బాపట్లది. మీ ఇంట్లో సోనా మసూరి అని వండుకునే సన్నబియ్యంలో చాలావరకు ఆ సాంబ మసూరే అయ్యుంటుంది.

"సరే, అంత విలువైనదైతే ఊరికి దూరంగా వేరేచోట అంతే భూమి ఇద్దాం" అంటారు. మద్రాసు సైదాపేటలో 1860లలో పెట్టిన ప్రభుత్వ పొలం, దాని వెంట వచ్చిన వ్యవసాయ పాఠశాల చివరికి కోయంబత్తూరుకు తరలాయి, 1906లో. సైదాపేటలో ఇప్పుడు చూస్తే ఊరే ఉంది. బెంగళూరు హెబ్బాళలో ప్రయోగ క్షేత్రం 1899లో మైసూరు మహారాణి ఇచ్చిన 30 ఎకరాలతో మొదలైంది, ఇప్పుడు దాని పక్కనుంచే ఫ్లైఓవరు. 2024లో హైదరాబాదు రాజేంద్రనగర్‌లో వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల భూమి 100 ఎకరాలు హైకోర్టు కొత్త భవనాలకు ఇచ్చారు, విద్యార్థులు ధర్నా చేశారు. హైకోర్టుకు భవనం అక్కర్లేదని నేననను. కానీ కొత్తచోట మడి వయసు సున్నా నుంచి మొదలవుతుంది.

నగరం దగ్గరికొస్తే ఎలా ఉంటుందో కూడా చూశాను. చుట్టూ పొలాలున్నప్పుడు పిట్టలు అన్నిటా కొంచెం కొంచెం తినేవి. లేఅవుట్లు వచ్చాక ఊళ్లో పిట్టలన్నీ మా రాగి మీదే వాలేవి, వలలు కట్టాల్సి వచ్చింది. ఒక ఏడాది కంది బ్లాకులో గోడ పక్క వరుసలు పచ్చగా ఏపుగా ఉన్నాయి, పూత లేదు. తెగులేమో అనుకున్నాం. రాత్రి డ్యూటీలో ఉండి చూస్తే, కొత్తగా పెట్టిన వీధి దీపం వెలుతురు సరిగ్గా ఆ వరుసల మీదే పడుతోంది. కందికి రాత్రి పొడుగ్గా, చీకటిగా ఉండాలి, లేకపోతే పూతకు రాదు. దీపానికి రేకు అడ్డం పెట్టించడానికి మూడు ఉత్తరాలు రాయాల్సి వచ్చింది.

మీ ఊరిది ఏ రకమో ముందు కనుక్కోండి. రెండో పంచవర్ష ప్రణాళిక కాలంలో అభివృద్ధి బ్లాకుకు (కొన్ని ఊళ్లు కలిపిన పాలనా విభాగం) ఒకటి చొప్పున 25 ఎకరాల విత్తన క్షేత్రాలు పెట్టారు. మీది అలాంటిదై, ఇప్పుడు విత్తనం పండించడం లేదంటే, రైతు ఉత్పత్తిదారుల సంఘానికి విత్తనోత్పత్తికి లీజుకివ్వమని నేనే అడుగుతాను. భవనానికి కొంత ఇచ్చినా గొడవ పడను. పరిశోధన కేంద్రమైతే మాత్రం ఆఫీసుకెళ్లి, ఇక్కడ అన్నిటికంటే పాత ప్రయోగం ఏ ఏడాది మొదలైందని అడగండి. మడుల మ్యాపు, రిజిస్టరు చూపించమనండి. చూపించగలిగితే, ఆ బ్లాకు సర్వే నంబరు రాసుకుని, దాన్ని వదిలేయమని గ్రామసభ తీర్మానం పెట్టించి కలెక్టరుకు పంపండి. రిజిస్టరు ఎక్కడుందో తెలియదంటే, అక్కడ చేసి రిటైరైన ఫీల్డ్ అసిస్టెంటు ఇల్లు ఎక్కడో అడగండి. ఒక కాపీ ఆయన దగ్గర ఉండే అవకాశం ఉంది. మా బ్లాకువి నా దగ్గర ఉన్నాయి.